బట్టీల మీద పచ్చరంగు

రాళ్ళకుదురు వేడిపటాన్ని మంత్రిగారు ప్రారంభించడానికి సరిగ్గా గంటన్నర ముందు, స్పెషల్ ఆఫీసర్ ముక్తేశ్వరరావుకి అందులో ఘోరమైన లోపం ఒకటి కనిపించింది.

తాపరక్షణ కార్యాలయం హాల్లో గోడంత తెర ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చిన మేనమామలా పటాన్ని ఎగాదిగా చూశాడు. తెర మీద ఊరంతా ఉంది. ప్రతి ఇల్లూ గోరంత గడి. లోపల మనుషులు బాగానే ఉంటే ఆ గడి ఆకుపచ్చ. వేడికి ఒళ్ళు తూలుతుంటే పసుపు. మూడు గంటల్లోపు ఎవరికో ఒకరికి వడదెబ్బ తగలబోతోందంటే ఎరుపు. ఎవరి ఫోన్లో వాళ్ళు పటం తెరిచి తమ ఇంటి మీద వేలు పెడితే చాలు, రంగు ఎందుకలా ఉందో, చల్లగది ఎంత దూరమో, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో అన్నీ చెబుతుంది. ఎండలు యాభై దాటడం మామూలైపోయిన రోజుల్లో జనానికి అంతకంటే కావలసింది లేదు.

"ఏంటమ్మా కృపావతీ ఇది? ఊరికి బొల్లి వచ్చినట్టుంది," అన్నాడు ముక్తేశ్వరరావు.

డాక్టర్ కృపావతి ఆ పటాన్ని తయారుచేసిన మనిషి. ఆయన వేలు చూపించిన వైపు చూసింది. ఊరి పడమటి అంచున, సున్నపు బట్టీల దగ్గర, అరచేయంత మేర తెల్లగా ఉంది.

"అక్కడ మన గోడలు లేవండి. ఏమీ వినపడని చోట తెలుపు చూపించమని పెట్టాను. తెలుపంటే మనకి తెలియదని అర్థం."

"తెలియదా!" ముక్తేశ్వరరావు ఆ మాటని బూతు విన్నట్టు విన్నాడు. "మంత్రిగారు ఇదేంటయ్యా అంటే, మాకు తెలియదండీ అని చెప్పమంటావా? గవర్నమెంటుకి తెలియకపోవడమనేది ఉంటుందా? ఇంతవరకూ అక్కణ్ణుంచి ఒక్క ఎరుపైనా వచ్చిందా?"

"గోడలే లేనప్పుడు ఎలా వస్తుందండీ?"

"రాలేదు కదా! ఎరుపు రాలేదంటే ప్రమాదం లేనట్టే. ప్రమాదం లేని చోటు పచ్చ. పీహెచ్‌డీ చేసిన దానివి, ఈ మాత్రం లాజిక్కు నేను చెప్పాలా?"

ఇలాంటి లాజిక్కు ఒంటబట్టాలంటే మనిషి కనీసం ఇరవై ఏళ్ళు ఏసీ గదిలో నానాలి. ముక్తేశ్వరరావు ఇరవై ఆరేళ్ళు నానాడు.

కృపావతి లాబరేటరీలో ఎనిమిదేళ్ళు పెంచిన స్ఫటికాన్ని సున్నంలో కలిపి ఒక్క పూత వేస్తే గోడ వింటుంది. లోపల ఎవరి ఒళ్ళు ఎంత కాగుతోంది, ఎవరికి చెమట ఆగిపోయింది, ఎవరి గుండె లయ తప్పుతోంది, అన్నీ విని పక్కింటి గోడకి చెబుతుంది, ఆ గోడ ఇంకో గోడకి. మొట్టమొదటి పరీక్షలో ఆమే మండు వేసవిలో రెండు కంబళ్ళు కప్పుకుని, ఆ సున్నం కొట్టిన గదిలో కూర్చుంది. బయట తెర మీద గడి పసుపై, ఎరుపైంది. "నేను బాగానే ఉన్నాను, తలుపు తియ్యొద్దు," అని లోపల్నుంచి అరుస్తూనే ఉంది. రెండు గంటల నలభై నిమిషాలకి స్పృహ తప్పి పడిపోయింది. మనిషి అబద్ధం చెప్పింది, గోడ నిజం చెప్పింది. ఆ రోజు ఐసు నీళ్ళలో పడుకుని ఆమె నవ్విన నవ్వు లాబరేటరీలో అందరికీ గుర్తే.

ఆ సున్నం ఊరికంతటికీ ఉచితంగా కొట్టారు. ఏ బట్టీల్లో కాల్చారో ఆ బట్టీల దగ్గర మాత్రం కొట్టలేదు. ఎవరూ పగబట్టి మానలేదు. అక్కడ బతికే నూట ఎనభై కుటుంబాలకి ఉన్నది నాలుగేసి కర్రలు, పైన రేకు, చుట్టూ టార్పాలిన్. టార్పాలిన్‌కి సున్నం అంటదు. ఊరి గోడలన్నిటికీ సున్నం కాల్చి పంపే మనుషులకి పూసుకోవడానికి గోడ లేదు, ఇందులో ఎవరికీ వింతేం కనిపించలేదు.

కృపావతికి కనిపించాలి. ఆమె పుట్టింది ఆ రేకు కిందే. అక్క సామ్రాజ్యం పద్నాలుగో ఏట నుంచి ఆ బట్టీ మీద రాయి ఎత్తి, చెల్లెల్ని చదివించింది. చెల్లెలు డాక్టరేట్ పుచ్చుకున్న రోజు కూడా ఆమె డ్యూటీ మానలేదు.

కాబట్టి ఆ హాల్లో ఆ క్షణాన కృపావతి ముక్తేశ్వరరావుని లాగిపెట్టి ఒక మాట అనాల్సింది. అనలేదు. ఇంకో పదమూడు పట్టణాలకి పటం మంజూరు కావాల్సి ఉంది. మంత్రిగారి మొహం చిట్లితే ఎనిమిదేళ్ళ పని బూడిదలో కలుస్తుందని భయపడింది. కంప్యూటరు ముందు కూర్చుని, గోడ వినపడకపోతే తెలుపు అని ఉన్న చోట ఆకుపచ్చ అని కొట్టింది. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. మంత్రిగారు వెళ్ళగానే మార్చేద్దాంలే అనుకుంది. చదువుకున్న వాళ్ళు తప్పు చేసేటప్పుడు ఎప్పుడూ ఇలాగే అనుకుంటారు.

మంత్రిగారు వచ్చాడు. తెర మీద వేలు పెట్టి, "ఊరంతా పచ్చగా ఉందే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కృపావతికి శాలువా కప్పారు. యాభై ఒక్క డిగ్రీల ఎండలో ఉన్ని శాలువా.

*

మూడో రోజు కృపావతి వెళ్ళి, మళ్ళీ తెలుపు పెట్టనివ్వమని అడిగింది. "ఢిల్లీ నుంచి అవార్డు బృందం వస్తోందమ్మా, వాళ్ళు చూసి వెళ్ళాక నీ ఇష్టం," అన్నాడు ముక్తేశ్వరరావు.

ఈలోగా పటం చెప్పినట్టే ఊరు నడవడం మొదలుపెట్టింది. వడదెబ్బ తగిలినవాళ్ళని ఎక్కించుకునే చల్లబండ్లనీ ట్యాంకర్లనీ ఎక్కడికి పంపాలో ఇక మనుషులు ఆలోచించనక్కరలేదు, ఎరుపున్న చోటికి పోతే సరిపోతుంది. ఆ ఎరుపు ఎక్కువగా ఆఫీసర్స్ కాలనీలో కనిపించేది. అక్కడ ఇంటికి రెండు ఏసీలున్నాయి, అయినా ఏడో నంబరులో, అంటే ముక్తేశ్వరరావు బంగళాలో, ఆయన మామగారు పొట్ట కరగడానికి ఆవిరిపెట్టెలో కూర్చునేవాడు. తొమ్మిదో నంబరులో ఇంకొకాయన తలుపులు బిగించుకుని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేవాడు. పాపం గోడకి ఏం తెలుసు? ఒళ్ళు కాగుతోందని అది నిజాయితీగా చెప్పేది. పెద్దమనుషుల కొవ్వు కరిగినప్పుడల్లా రెండు చల్లబండ్లు సైరన్ కొట్టుకుంటూ వెళ్ళి గేటు ముందు నిలబడేవి. ఇది నవ్వుకోవాల్సిన విషయమని కూడా ఆ కార్యాలయంలో ఎవరికీ తట్టలేదు. వారం తిరిగేసరికి ఆ ఎరుపు చూసుకోవడం కాలనీవాళ్ళకి హోదా అయింది.

ఆదివారం కృపావతి అక్క దగ్గరికి వెళ్ళింది. సామ్రాజ్యం డ్రమ్ములో చెంబు ముంచి ఇచ్చింది. నీళ్ళు నోట్లో పెట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి.

"ట్యాంకరు రావట్లేదే కృపా. ఐదు రోజులైంది. బోరింగు కాడ్నించి మోసకొస్తన్నాం," అంది సామ్రాజ్యం. "ఆ మందుల టెంటు కూడా పీక్కుపోయారు. ఏందంట?"

"కనుక్కుంటాలే అక్కా."

"కనుక్కో. నీ మాటంటే ఆళ్ళకి లెక్క. మొన్న టీవీలో శాలువా కప్పించుకుంటంటే చూశాం, బట్టీ బట్టీ అంతా వచ్చి చూసింది." సామ్రాజ్యం కూతురు దీవెన వైపు తిరిగి, "పిన్నికి కోడిగుడ్డు పొరటు చెయ్యవే, అట్టా నిలబడతావేంది?" అంది.

పదిహేడేళ్ళ దీవెన పొయ్యి ముట్టించింది. ట్యాంకరు ఎందుకు రావట్లేదో కృపావతికి ఆ క్షణమే తెలిసిపోయింది. పచ్చ చోటుకి ట్యాంకరు దండగ. పచ్చ చోటులో టెంటు దండగ. ఆ మాట అక్కతో చెబితే సరిపోయేది. చెప్పడానికి సిగ్గేసింది. పొరటు తిని, ఉప్పు సరిపోయిందని చెప్పి, కారెక్కింది. ఆ సిగ్గు ఎంత నీచమైనదో తర్వాత రోజుల్లో ఆమె చాలాసార్లు అనుకుంది.

మర్నాడు ముక్తేశ్వరరావుకి కాగితం రాసి ఇచ్చింది. ఆయన చదివి, మడిచి, కాఫీ కప్పు కింద పెట్టాడు.

"బృందం పంతొమ్మిదో తారీఖున వస్తుంది. ఈ వారానికే ఏమైపోతుందమ్మా? అక్కడి వాళ్ళకి ఎండ అలవాటే కదా."

యాభై ఒక్క డిగ్రీల ఎండకి ఒళ్ళు అలవాటు పడుతుందని చెప్పే డాక్టరు ఇంతవరకూ పుట్టలేదు. కానీ కృపావతి తలూపి వచ్చేసింది.

*

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి ఆమె కంట్రోల్ రూమ్ మీదుగా పోతోంది. ఆపరేటర్ మస్తాన్‌బీ ఫోన్లో మాట్లాడుతోంది.

"ఏ ఏరియా అమ్మా? సున్నపు బట్టీలా? అది పచ్చలో ఉంది. నీకంటే ముందు ఎరుపువి పదకొండు ఉన్నాయి. క్యూలో పెట్టా, వస్తది బండి."

స్పీకర్లోంచి వస్తున్న ఏడుపు గొంతు గుర్తుపట్టి కృపావతి ఫోను లాక్కుంది.

"పిన్నీ! పిన్నీ, అమ్మ బట్టీ మీద పడిపోయింది! ఒళ్ళు పెనం మాదిరి కాల్తంది. చెమట చుక్క లేదు. నన్నే ఎవరు నువ్వు అంటంది!"

చల్లబండ్లన్నీ ఆఫీసర్స్ కాలనీ వైపున్నాయి. కృపావతి తన కారులోనే పోయి, అక్కని వెనక సీట్లో పడుకోబెట్టుకుని, ఆస్పత్రికి చేర్చింది. దీవెన దారంతా చున్నీ తడిపి తల్లి మొహం మీద వేస్తూనే ఉంది. వేసిన నిమిషానికే అది ఆరిపోతోంది.

చల్లగదిలో ఐసు నీళ్ళ పడకలు ఎనిమిది. రెండు ఖాళీగా ఉన్నాయి. గుమ్మంలో కుర్ర డ్యూటీ డాక్టరు చేతిలో టాబ్లెట్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏ ఏరియా మేడమ్?"

"బట్టీలు. ముందు లోపలికి తీసుకోండి, వడదెబ్బ."

అతను పటం తెరిచాడు. ఎదురుగా స్ట్రెచర్ మీద నలభై ఒక్క ఏళ్ళ ఆడమనిషి కాలిపోతోంది. ఆ నుదుటి మీద చెయ్యి వెయ్యడానికి రెండడుగులు వేస్తే చాలు. అతను పటం మీద వేలు పెట్టాడు.

"అది పచ్చ కదండీ. వడదెబ్బ అయ్యుండదు. ఫిట్స్ అయ్యుంటుంది. ఓపీలో చూపించండి."

"ఆ పచ్చ నేను వేసిందే నాయనా. అది తప్పు. పటం చేసింది నేను."

"అయితే మార్చండి మేడమ్, వెంటనే అడ్మిట్ చేస్తాను. ఎరుపు లేకపోతే సిస్టమ్ పడక నంబరు ఇవ్వట్లేదు. నా చేతిలో ఏముంది?"

అతను దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే కొట్టి అయినా లోపలికి పోవచ్చు. చెప్పింది చేసే మంచి పిల్లవాడు, వాణ్ణి ఏం చెయ్యాలి?

రంగు మార్చాలంటే ముక్తేశ్వరరావు ఫోనుకి వచ్చే నంబరు కావాలి. ప్రారంభోత్సవం అయిన మర్నాడే ఆయన పెట్టించుకున్న ఏర్పాటు అది. కృపావతి ఫోను చేసింది. మొదటిసారి కట్ చేశాడు. రెండోసారి, "అవార్డు రిహార్సల్లో ఉన్నానమ్మా," అన్నాడు. మూడోసారి, "మీ అక్కయితే మాత్రం? ఒక్కరి కోసం రూలు మారిస్తే రేపు అందరూ అడుగుతారు," అన్నాడు. నాలుగోసారి ఎత్తలేదు. సూపరింటెండెంటు భోజనానికి వెళ్ళాడు. ఆయన అసిస్టెంటు, అప్లికేషన్ రాసిమ్మన్నాడు. కృపావతి రాసింది కూడా. వరండాలో సామ్రాజ్యం మాటలు ఆగిపోయాయి.

నలభై నిమిషాలయ్యాక కృపావతి లేచి, డ్యూటీ డాక్టరు చేతిలోంచి టాబ్లెట్ తీసుకుని, ఆఫీసర్స్ కాలనీ ఏడో నంబరు బంగళా మీద వేలు పెట్టింది. మామగారు ఆవిరిపెట్టెలో ఉన్నట్టున్నాడు, గడి ఎర్రగా మండుతోంది.

"పొరపాటు చెప్పాను. ఈవిడ ఉండేది ఇక్కడ. ఇంట్లో మనిషే."

"అయ్యో, ముందే చెప్పొద్దా మేడమ్!" అన్నాడు ఆ కుర్రాడు, నిజంగానే తేలికపడి. ఒక్క నిమిషంలో పడక వచ్చింది, ఐసు వచ్చింది, ఇద్దరు నర్సులు పరిగెత్తుకొచ్చారు. ఒళ్ళు అదే, జ్వరం అదే, ఇల్లు మారింది.

ఆ అబద్ధం నలభై నిమిషాల ముందే తట్టి ఉంటే? కృపావతికి తట్టలేదు. అన్నీ పద్ధతి ప్రకారం చెయ్యడం నేర్చుకున్న మనిషి కదా, అక్క చచ్చిపోతుంటే కూడా పద్ధతి ప్రకారమే చేసింది.

సామ్రాజ్యం మర్నాడు పదకొండింటికి పోయింది. కళ్ళు తెరవలేదు.

*

వడదెబ్బతో ఎవరైనా పోతే పటంలో ఆ ఇంటి మీద నల్లచుక్క పడుతుంది. ఎవరైనా దాని మీద వేలు పెట్టి వివరాలు చూడొచ్చు. ఊళ్ళో అదే మొదటి చుక్క. ఆఫీసర్స్ కాలనీ, ఏడో నంబరు. ఎడ్ల సామ్రాజ్యం, స్త్రీ, నలభై ఒకటి, ఇంటి మనిషి.

చూడాలి ఆ ఊరి ఉత్సాహం! ట్యాంకరు ఎప్పుడొస్తుందో చూసుకోవడానికి కూడా పటం తెరవని వాళ్ళు పొద్దుటికల్లా ఆ చుక్క మీద వేళ్ళు పెట్టారు. పెట్టిన వాళ్ళ లెక్క పటమే చూపిస్తుంది, మధ్యాహ్నానికి నలభై వేలు దాటింది. ఎవరీ సామ్రాజ్యం, స్పెషల్ ఆఫీసరు ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి ఉంటోంది, భార్యకి తెలుసా తెలియదా? టీ బడ్డీల దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే. చచ్చిపోయింది కదా అన్న మాట ఒక్కళ్ళూ అనలేదు. మరోపక్క కార్యాలయం తన పని తాను చేసింది. చావు జరిగిన చోటని ఆఫీసర్స్ కాలనీకి మూడు ట్యాంకర్లు, రెండు టెంట్లు, మజ్జిగ కుండలు పంపింది.

మూడో రోజు ముక్తేశ్వరరావు లాబరేటరీకి తనే నడిచి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు.

"అమ్మా కృపావతీ, ఆ చుక్క తీసెయ్. మా ఆవిడ పుట్టింటికి పోయింది. మా మామగారు ఆవిరిపెట్టె కూడా మానేసి నా వైపు అదోలా చూస్తున్నాడు. ఎవరమ్మా ఈ సామ్రాజ్యం?"

"మా అక్కండి."

ఆయన ఒక్క క్షణం మనిషి మొహం పెట్టాడు. అంతే, మళ్ళీ ఆఫీసరు మొహం వచ్చేసింది.

"అయ్యో. సర్లే, పాపం. ఎలాగైనా నా ఇంటి మీద నుంచి తీసెయ్."

"తీసేస్తాను. కానీ పోయిన మనిషిని ఎక్కడో ఒకచోట చూపించాలి. బట్టీల దగ్గర చూపిస్తాను. పచ్చ మీద నల్లచుక్క పడదండి, పచ్చ తియ్యాలి. మళ్ళీ తెలుపు పెడతాను. తెలుపున్న చోటికే ముందు ట్యాంకరు, ముందు బండి పోవాలని మీరు ఆర్డరు రాయండి. రాస్తే మీ చుక్క ఇప్పుడే తీస్తాను."

"మరి బృందం..." అని మొదలుపెట్టి, ఆగి, "పెన్నుందా?" అన్నాడు.

ఐదు నిమిషాల్లో రాసి సంతకం పెట్టాడు. నూట ఎనభై కుటుంబాల దాహానికి కదలని చెయ్యి, పెళ్ళాం పుట్టింటికి పోతే పరిగెత్తింది. కృపావతి ఆ కాగితం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఈ మనిషిని అసహ్యించుకోవడానికి తనకి హక్కు ఉందా అని ఆలోచించింది. ఆయన చెప్పాడు, నిజమే. కొట్టిన వేళ్ళు ఎవరివి?

పడమటి అంచు మళ్ళీ తెల్లబడింది. సాయంత్రం నాలుగింటికి ఆమె బట్టీల దగ్గరికి పోయేసరికి రెండు ట్యాంకర్లు వచ్చి ఉన్నాయి. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటున్నారు. టార్పాలిన్ కింద సామ్రాజ్యం ఫొటో ముందు దీవెన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పక్కింటి సుబ్బులమ్మ గిన్నెలో అన్నం కలిపి, తినమని బతిమాలుతోంది.

కృపావతి నేల మీద కూర్చుంది. ఈసారి సిగ్గుపడదలుచుకోలేదు.

"దీవెనా, బట్టీల మీద పచ్చ పడింది నా వల్లే. ఇక్కడ ఏం జరుగుతోందో ఆ పటానికి తెలియదు. తెలియదని చూపించకుండా పచ్చ వేశాను. ఆఫీసరు వెయ్యమన్నాడు, నేను వేశాను. అందుకే ట్యాంకరు రాలేదు, బండి రాలేదు."

దీవెన తలెత్తి చూసింది. కోపం లేదు ఆ మొహంలో. అదైనా ఉంటే బాగుండేది.

"బండి సంగతి కాదు పిన్నీ," అంది. "అమ్మ రోజూ మేస్త్రీ ఫోను అడిగి తీసుకుని మన బట్టీ మీద వేలు పెట్టి చూసేది. ఆ రోజు పన్నెండింటికి సుబ్బులమ్మత్త, 'సామ్రాజ్యం, కళ్ళు తిరుగుతన్నయ్యే, దిగుదాం పా' అంది. అమ్మకీ తిరుగుతన్నయ్యంట. ఫోను చూసి, 'పచ్చగానే ఉందిలే వదినా, మా కృప చేసిన పటం, అది అబద్ధం చెప్పదు, ఇంకో నాలుగు గంపలు ఎత్తి దిగుదాం' అంది."

సుబ్బులమ్మ అన్నం గిన్నె కింద పెట్టి మొహం పక్కకి తిప్పుకుంది.

"అత్త నమ్మలేదు," అంది దీవెన. "దిగిపోయింది."